రాజ్యాంగ సవరణలు - మన పట్టా భూములు



విత్తనం, ఎరువు, పురుగుమందు - వీటిని గురించి మీతో మాట్లాడటం మా పని. అయితే ఇవన్నీ పొలం వున్నప్పటి మాటలు. ఆ పొలం మనదని చెప్పేది పట్టా. ఆ పట్టాకు బలం చట్టం. ఆ చట్టానికి బలం రాజ్యాంగం. కాబట్టి రాజ్యాంగంలో ఒక మాట మారితే దాని ఫలితం ఢిల్లీలో ఆగిపోదు. ఆదోని రేగడి చేని దాకా, బద్వేలు మెట్ట దాకా వస్తుంది. ఈనాడు ఆ సంగతి చెప్పుకుందాం.

మన రాజ్యాంగం 1950 జనవరి 26న అమలులోకి వచ్చినది. 2023 నాటికి దానికి 106 సవరణలు జరిగినవి. అన్నింటినీ ఏకరువు పెట్టి మీ ఓపికను పరీక్షించను. రైతును నేరుగా తాకినవి నాలుగైదు వున్నవి. అవి ఏమి మార్చినవో, మన చేతికి ఏమి మిగిల్చినవో చెబుతాను. ముందుగా ఒక్క మాట. ఈ సవరణల్లో కొన్ని భూమి మీది హక్కును తగ్గించినవి. ఆ సంగతి నలుగురికీ తెలిసినదే. కాని తగ్గించిన సవరణే చిన్న రైతు చేనికి ఒక కంచె కూడా వేసినది. ఆ కంచె సంగతి చాలామందికి తెలియదు. తెలియని కంచె వున్నా లేకున్నా ఒకటే కదా!

రాజ్యాంగ సవరణ మామూలు చట్టం వంటిది కాదు. 368వ అధికరణం ప్రకారం లోక్‌సభ, రాజ్యసభ రెండింటిలోనూ మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, వచ్చి ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవలె. రాష్ట్రాల అధికారాన్ని తాకే సవరణ అయితే కనీసం సగం రాష్ట్రాల శాసనసభలు కూడా అవునని చెప్పవలె. ఇది వట్టి లాంఛనం అనుకోకండి. సహకార సంఘాల కోసం 2011లో 97వ సవరణ చేసినారు. దానికి రాష్ట్రాల ఆమోదం తీసుకోలేదు. ఆ కారణం చేతనే 2021 జూలైలో సుప్రీంకోర్టు, రాష్ట్రాల్లోని సహకార సంఘాల నిర్వహణను గురించిన భాగాన్ని కొట్టివేసినది. మన వూరి పరపతి సంఘం ఈనాటికీ రాష్ట్ర చట్టం కిందనే నడుస్తున్నది. సహకార సంఘం పెట్టుకొనే హక్కు మాత్రం ఆ సవరణ ద్వారానే ప్రాథమిక హక్కుల్లో చేరి నిలిచి వున్నది.

ఇక భూమి సంగతికి వద్దాం. మన సీమ భూములకు ఒక ప్రత్యేకత వున్నది. 1800లో నిజాము ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషు కంపెనీకి అప్పగించినాడు. అప్పుడు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ పనిచేసినాడు. చేను చేను కొలిపించి, సేద్యం చేసే రైతు పేరనే శిస్తు కట్టించే పద్ధతికి ఇక్కడ పాదు వేసినాడు. తరువాత మద్రాసు గవర్నరై, 1827లో పర్యటనలో వుండగా మన పత్తికొండలో కలరా సోకి చనిపోయినాడు. కర్నూలు నవాబు పాలించిన సీమ 1839లో కంపెనీ చేతికి పోయినది. అక్కడ కూడా ఇదే పద్ధతి పాదుకొన్నది. దీనికే రైత్వారీ అని పేరు. కోస్తాలో చాలా చోట్ల రైతుకూ సర్కారుకూ నడుమ జమీందారు వుండేవాడు. మన దగ్గర కరణం, మునసబు వుండేవారే గాని జమీందార్లు తక్కువ. రైతే పట్టాదారు, రైతే శిస్తుదారు. ఈ తేడాను మనసులో పెట్టుకోండి. తరువాత వచ్చే కథంతా దీని చుట్టూ తిరుగుతుంది.

రాజ్యాంగం మొదలైన నాడు ఆస్తి హక్కు ప్రాథమిక హక్కు. 19, 31 అధికరణాల్లో అది వున్నది. ఆ హక్కుకు భంగం కలిగితే నేరుగా సుప్రీంకోర్టుకు పోవచ్చును. అదే కాలంలో రాష్ట్రాలు జమీందారీలను రద్దు చేస్తూ చట్టాలు చేసినవి. జమీందార్లు ఊరుకుంటారా? తమ ప్రాథమిక హక్కు పోయినదని కోర్టులకు ఎక్కినారు. 1951 మార్చిలో పాట్నా హైకోర్టు బీహారు భూసంస్కరణ చట్టాన్ని చెల్లదు పొమ్మన్నది. దున్నే రైతుకు భూమి ఇస్తామన్న మాట ఆదిలోనే నిలిచిపోయే పరిస్థితి వచ్చినది.

అందుకని అదే సంవత్సరం జూన్ 18న మొదటి సవరణ వచ్చినది. అది 31-ఎ, 31-బి అనే రెండు అధికరణాలను, తొమ్మిదవ షెడ్యూలు అనే పట్టికను చేర్చినది. ఎస్టేటును ప్రభుత్వం తీసుకొనే చట్టాన్ని, ప్రాథమిక హక్కుకు భంగం అనే కారణం చూపి కొట్టివేయరాదని 31-ఎ చెప్పినది. ఆ పట్టికలో పేరెక్కిన చట్టానికి అటువంటి రక్షణే వుంటుందని 31-బి చెప్పినది. మొదట 13 చట్టాలు పట్టిక ఎక్కినవి. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం, హైదరాబాదు జాగీర్ల రద్దు రెగ్యులేషను వాటిలో వున్నవి. జమీందారీ గ్రామాల రైతులు రైత్వారీ పట్టాదారులు కావటానికి వున్న అడ్డు ఆ విధంగా తొలగినది.

ఇందులో ఒక మెలిక వున్నది. ఆ సవరణ ఎస్టేటు అనే మాట వాడినది. మద్రాసు రాష్ట్రపు చట్టాల్లో ఎస్టేటు అంటే జమీందారీ, ఇనాం గ్రామం వంటివి. రైత్వారీ పట్టా భూమి ఎస్టేటు కాదు. అంటే కర్నూలు, కడప జిల్లాల్లో వందల ఎకరాల పట్టా వున్న పెద్ద భూస్వామి కూడా ఆ సవరణ చేతికి అందకుండా నిలిచినాడు. ఆయన భూమికి గరిష్ఠ పరిమితి పెడితే ప్రాథమిక హక్కు పేరు చెప్పి కోర్టుకు పోవచ్చును.

సరిగ్గా అదే జరిగినది, మన దగ్గర కాదు, కేరళలో. కాసరగోడు, హోస్‌దుర్గ తాలూకాలు పూర్వం మద్రాసు రాష్ట్రంలోవి. అక్కడ కూడా మన వంటి రైత్వారీ పద్ధతే. కేరళ ప్రభుత్వం భూసంస్కరణ చట్టం చేస్తే, ఆ తాలూకాల రైత్వారీ భూములు ఎస్టేటు కాదు గనుక వాటికి ఆ చట్టం చెల్లదని 1961 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. దానికి జవాబుగా 1964 జూన్‌లో 17వ సవరణ వచ్చినది. రైత్వారీ భూమి కూడా ఎస్టేటు అనే మాటలోకి వస్తుందని అది స్పష్టం చేసినది. 1961 నాటి ఆంధ్రప్రదేశ్ భూ గరిష్ఠ పరిమితి చట్టాన్ని తొమ్మిదవ షెడ్యూలులో చేర్చినది కూడా ఈ సవరణే. మన్రో నాటి నుంచి వచ్చిన పట్టాకు ఇంత పెద్ద మార్పు మరొకటి జరగలేదని చెప్పవచ్చును.

ఇప్పుడు కంచె సంగతి. రైత్వారీ భూమిని ఎస్టేటుతో కలిపిన చేతితోనే పార్లమెంటు 31-ఎ అధికరణంలో ఒక షరతు కూడా రాసినది. రైతు స్వయంగా సేద్యం చేసుకొంటున్న భూమి, గరిష్ఠ పరిమితికి లోబడి వున్నట్లయితే, ఆ భూమిలో ఏ భాగాన్ని తీసుకోవలెనన్నా మార్కెట్టు ధరకు తగ్గకుండా నష్టపరిహారం ఇచ్చే ఏర్పాటు ఆ చట్టంలో వుండవలె. లేకపోతే తీసుకోవటం చెల్లదు. ఆ భూమి మీద వున్న ఇల్లు, కొట్టం వంటి కట్టడాలకూ ఇదే నియమం. చూసినారా! పెద్ద కమతానికి కత్తెర వేసిన సవరణే చిన్న కమతానికి కంచె వేసినది. అయిదెకరాల బుడ్డల చేను, పదెకరాల జొన్న చేను వున్న రైతు ఈ కంచె లోపలివాడే. ఈ షరతు ఈనాటికీ రాజ్యాంగంలో వున్నది. తరువాతి సవరణ ఏదీ దీన్ని తీసివేయలేదు.

17వ సవరణ మీద పెద్ద వ్యాజ్యం నడిచినది. పంజాబుకు చెందిన గోలక్‌నాథ్ కుటుంబానికి 500 ఎకరాలకు పైగా భూమి వుండేది. వాళ్ళు వేసిన కేసులో 1967 ఫిబ్రవరి 27న తీర్పు వచ్చినది. చెప్పిన ప్రధాన న్యాయమూర్తి మన తెలుగువారు, కోకా సుబ్బారావుగారు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడినప్పుడు మొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. పదకొండుమందిలో ఆరుగురు ఒకవైపు నిలిచి, జరిగిన సవరణలు నిలుస్తవి గాని ఇకముందు ప్రాథమిక హక్కులను తగ్గించే సవరణ పార్లమెంటు చేయరాదని అన్నారు. పార్లమెంటు 1971లో 24వ సవరణతో ఆ అధికారాన్ని తిరిగి రాసుకొన్నది. చివరకు 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో పదమూడుమంది న్యాయమూర్తులు కూర్చొని, ఏడుగురి మాట పైచేయిగా తీర్పు చెప్పినారు. పార్లమెంటు రాజ్యాంగంలో ఏ భాగాన్నయినా సవరించవచ్చును, కాని దాని మౌలిక స్వరూపాన్ని చెరపరాదు. ఆ కేసు వేసిన మఠాధిపతి కూడా కాసరగోడు ప్రాంతపు ఎడనీరు మఠంవారే. మఠం భూములకు భూసంస్కరణ చట్టం తగిలినందునే ఆయన కోర్టుకు పోయినారు. దేశంలోని అతి పెద్ద రాజ్యాంగ తీర్పులు చేని గట్ల మీద పుట్టినవంటే నమ్మండి.

మన రాష్ట్రంలో పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా వుండగా 1972లో కొత్త భూ గరిష్ఠ పరిమితి బిల్లు శాసనసభలో నెగ్గినది. అది 1973 నాటి ఒకటవ నంబరు చట్టం. 1975 జనవరి 1 నుంచి అమలైనది. అయిదుగురికి మించని కుటుంబానికి మాగాణి అయితే నేల తరగతిని బట్టి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు పరిమితి. 1974లో వచ్చిన 34వ సవరణ ఈ చట్టాన్ని తొమ్మిదవ షెడ్యూలులో చేర్చినది. పైన చెప్పిన కంచెకు కొలత ఈ చట్టమే. మెట్ట సీమ గనుక మనలో నూటికి తొంభైమందికి పైగా ఈ కొలతకు లోపలే వుంటాము అనటానికి లెక్కలు అక్కరలేదు. మీ వూరిలో 35 ఎకరాల మెట్ట వున్న కుటుంబాలు ఎన్నో వేళ్ళ మీద ఎంచి చూడండి, తెలిసిపోతుంది.

తరువాత ముఖ్యమైనది 44వ సవరణ. 1978 నాటి ఈ సవరణపై 1979 ఏప్రిల్‌లో ఆమోదముద్ర వేసిన రాష్ట్రపతి మన అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డిగారు. 1979 జూన్ 20 నుంచి ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల జాబితాలో నుంచి పోయినది. దాని స్థానంలో 300-ఎ అధికరణం వచ్చినది. చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఎవరి ఆస్తినీ తీసుకోరాదని అందులో వున్నది. ఒక్క వాక్యమే.

దీనివల్ల ఏమి మారినది? ఒకటి, ఆస్తి కోసం ప్రాథమిక హక్కు పేరున నేరుగా సుప్రీంకోర్టు తలుపు తట్టే దారి మూసుకొన్నది. హైకోర్టు దారి మాత్రం 226వ అధికరణం కింద తెరిచే వున్నది. రెండు, ప్రభుత్వం భూమి తీసుకోవలెనంటే చట్టం వుండవలె, ఆ చట్టం చెప్పిన క్రమం తప్పరాదు. నోటిమాట మీద, ఆఫీసు ఉత్తరువు మీద తీసుకోవటానికి వీలు లేదు. "ప్రాథమిక హక్కు పోయినది కదా, ఇక మన చేతిలో ఏముంది?" అని కొందరు రైతులు నిరుత్సాహపడతారు. అది సరికాదు.

ఒక కేసు చెబుతాను. హిమాచల్ ప్రదేశ్‌లో చదువురాని ఒక వితంతువు భూమిలో 1967-68లో రోడ్డు వేసినారు. భూసేకరణ జరపలేదు, పైసా ఇవ్వలేదు. ఆమె దశాబ్దాల తరువాత కోర్టుకు వచ్చినది. ఆలస్యమైనదనీ, ఇన్నేళ్ళు స్వాధీనంలో వున్నది గనుక భూమి తమదేననీ ప్రభుత్వం వాదించినది. 2020 జనవరిలో సుప్రీంకోర్టు ఆ వాదాన్ని తోసివేసి, పరిహారం చెల్లించమన్నది. అప్పటికి ఆమెకు 80 ఏళ్ళు. ఇంకా 2024 మే నెలలో మరొక తీర్పులో సుప్రీంకోర్టు, 300-ఎ అనే ఆ ఒక్క వాక్యంలో ఏడు హక్కులు ఇమిడి వున్నవని విప్పి చెప్పినది. భూమి తీసుకోదలచినట్టు నోటీసు ఇవ్వవలె. అభ్యంతరం వినవలె. కారణాలతో నిర్ణయం తెలపవలె. ప్రజోపయోగానికే తీసుకోవలె. న్యాయమైన పరిహారం ఇవ్వవలె. పనిని గడువులో సక్రమంగా నడపవలె. చివరి దాకా పూర్తి చేయవలె. ఈ ఏడింటినీ కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోండి.

ఇది మన సీమలో ఊరికే చెప్పే పాఠం కాదు. శ్రీశైలం నీటి కింద కృష్ణా, తుంగభద్రల ఒడ్డు గ్రామాలు ఎన్నో మునిగినవి. కడప జిల్లాలో గండికోట జలాశయం కోసం తాళ్ళప్రొద్దుటూరు వంటి ఊళ్ళు ఖాళీ చేయవలసి వచ్చినది. గని, శకునాల దగ్గర వేల ఎకరాల్లో 1,000 మెగావాట్ల సౌర విద్యుత్తు పార్కు వెలసినది. నీళ్ళు కావలసిందే, కరెంటు కావలసిందే. వాటి కోసం భూమి ఇచ్చిన రైతుకు న్యాయం కూడా కావలసిందే.

ఇప్పుడు భూసేకరణకు వున్న చట్టం 2013 నాటిది. 1894 నాటి పాత చట్టం పోయి, 2014 జనవరి 1 నుంచి ఇది వచ్చినది. దీని ప్రకారం మార్కెట్టు ధరను గ్రామాల్లో ప్రభుత్వం నిర్ణయించిన రెట్టుతో, అంటే ఒకటికీ రెండుకూ నడుమ వుండే అంకెతో హెచ్చవేస్తారు. భూమి మీద వున్న చెట్లు, బావి, కట్టడాల విలువ కలుపుతారు. ఆ మొత్తానికి మళ్ళీ అంత సొమ్ము, అంటే నూటికి నూరు, ఓదార్పు కింద చేరుస్తారు. మొదటి నోటిఫికేషను మీద అభ్యంతరం చెప్పుకోవటానికి 60 రోజుల గడువు వున్నది.

డి.పట్టా రైతులు, అంటే ప్రభుత్వం అసైన్ చేసిన భూమి దున్నేవారు, తమకేమీ రాదని అనుకొంటారు. 1977 నాటి చట్టం ఆ భూమిని అమ్మరాదన్నది గాని, మీ కష్టానికి విలువ లేదనలేదు. 2004లో మన హైకోర్టు విస్తృత ధర్మాసనం, ప్రజోపయోగానికి అసైన్డు భూమిని తిరిగి తీసుకొంటే పట్టా భూమితో సమంగా పరిహారం ఇవ్వవలెనని తీర్పు చెప్పినది. 2013 చట్టం కూడా భూయజమాని అనే మాటలో అసైన్డు భూమిని చేర్చినది. కౌలు రైతులు, కూలీలు కూడా మూడేళ్ళుగా ఆ భూమి మీద బతుకుతూ వుంటే బాధిత కుటుంబాల లెక్కలోకి వస్తారు. అందుకే కౌలు రైతులు పంట సాగుదారు హక్కు పత్రం తీసుకోవటం మంచిది. 2019 చట్టం కింద ఇచ్చే ఆ పత్రానికి 11 నెలల గడువు. ఏటికేడు తీసుకొన్న పత్రాలను పారవేయకుండా దాచండి. మీరు ఎన్నేళ్ళుగా సాగు చేస్తున్నారో అవే చెబుతవి.

భూమి తరువాత పంట. 1954 నాటి మూడవ సవరణ పేరు రైతులు అంతగా వినలేదు గాని, బుడ్డలు, ప్రత్తి పండించే మన జిల్లాలకు అది చాలా దగ్గరిది. రాజ్యాంగంలో వ్యవసాయమూ, సంతలూ రాష్ట్రాల జాబితాలో వున్నవి. కేంద్రమూ రాష్ట్రాలూ రెండూ చట్టం చేయదగిన ఉమ్మడి జాబితా మరొకటి వున్నది. మూడవ సవరణ ఆ ఉమ్మడి జాబితా 33వ అంశంలో ఆహార పదార్థాలను, నూనెగింజలను, నూనెలను, పశువుల మేతను, చెక్కను, ముడి ప్రత్తిని, ప్రత్తి గింజలను, జనుమును చేర్చినది. అంటే వీటి ఉత్పత్తి, సరఫరా, వ్యాపారం మీద ఢిల్లీ కూడా చట్టం చేయవచ్చును. ఆదోని యార్డు నడిచేది 1966 నాటి రాష్ట్ర మార్కెట్ల చట్టం కింద. ఆ యార్డుకు వచ్చే ప్రత్తి మీద మాట చెల్లేది ఇద్దరికీ. 2020లో కేంద్రం మూడు వ్యవసాయ చట్టాలు చేసినప్పుడు ఈ 33వ అంశాన్నే ఆధారంగా చూపినది. సంతలు మావి కదా అని కొన్ని రాష్ట్రాలు వాదించినవి. రైతుల ఆందోళన తరువాత 2021లో ఆ చట్టాలను రద్దు చేసినారు. చట్టాలు పోయినవి గాని 33వ అంశం వున్నది. రేపు ధరలను గురించి, వ్యాపారాన్ని గురించి కొత్త చట్టం వస్తే, అది ఏ జాబితా కింద వచ్చినదని అడగటం మీకు తెలిసి వుండవలె.

ఇక ఊరి సంగతి. 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చినది. అప్పటి ప్రధానమంత్రి పి.వి. నరసింహారావుగారే. 1991 నవంబరు ఉపఎన్నికలో ఆయనను లోక్‌సభకు పంపినది మన నంద్యాల నియోజకవర్గం. అంతకు ముందు పంచాయతీలు వున్నవి. అయితే ఎన్నికలు జరపటం, మానటం రాష్ట్ర ప్రభుత్వాల ఇష్టం. ఈ సవరణతో పంచాయతీకి అయిదేళ్ళ గడువు, ప్రత్యేక ఎన్నికల సంఘం, ఆర్థిక సంఘం, షెడ్యూల్డు కులాలకు, తెగలకు జనాభాను బట్టి స్థానాలు, స్త్రీలకు మూడో వంతుకు తగ్గకుండా స్థానాలు రాజ్యాంగంలోనే చేరినవి. మన రాష్ట్రం 2011లో స్త్రీల వాటాను సగానికి పెంచినది. అయినా గడువు అన్న మాట తనంతట తాను అమలు కాదు. 2013లో ఎన్నికైన పంచాయతీల కాలం 2018లో తీరితే, మళ్ళీ ఎన్నికలు 2021 ఫిబ్రవరికి గాని జరగలేదు.

ఈ సవరణతో పదకొండవ షెడ్యూలు వచ్చినది. పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలు అందులో వున్నవి. మొట్టమొదటిది వ్యవసాయం, వ్యవసాయ విస్తరణ. రెండవది భూమి అభివృద్ధి, భూసార సంరక్షణ. మూడవది చిన్న నీటి వనరులు, వాటర్‌షెడ్లు. విస్తరణ ఉద్యోగులైన మిత్రులు ఇది గమనించవలె. మన పని ఆ పట్టికలో తొలి వరుసలో వున్నది. అయితే పట్టికలో వున్నంత మాత్రాన అధికారం పంచాయతీకి వచ్చినట్టు కాదు. రాష్ట్ర శాసనసభ చట్టం చేసి అప్పగించవలె. 1994 నాటి మన పంచాయతీరాజ్ చట్టం కొంత ఇచ్చినది. అన్నీ ఇవ్వలేదు. మిగిలినది అడిగి తెచ్చుకోవలసినదే.

అడిగే చోటు గ్రామసభ. ఊరి ఓటర్ల జాబితాలో పేరు వున్న ప్రతివాడూ, ప్రతి స్త్రీ దాని సభ్యులే. 18 ఏళ్ళ పిల్లవాడు కూడా. ఇది కూడా సవరణ పుణ్యమే. 1989లో 61వ సవరణ ఓటు వయస్సును 21 నుంచి 18కి దించినది. చెరువు పూడిక, పంటకుంటలు, రాతి కట్టలు ఏ చేనిలో ముందు రావలెనో అక్కడ అడగవచ్చును. వాన తక్కువైన సీమలో ఒక పంటకుంట ఎక్కడ తవ్వుతారన్నది చిన్న సంగతి కాదు. కాని గ్రామసభ నాడు మనం చేనికి పోయి, తీర్మానం పుస్తకం ఇంటికి వస్తే వేలిముద్ర వేస్తే, ఆ సభ కాగితం మీదనే వుంటుంది. రైతు మహిళలకు ప్రత్యేకంగా చెబుతున్నాను. సర్పంచి ఆడమనిషి అయినంత మాత్రాన చాలదు. సభలో ఆడవాళ్ళు కూర్చొని వుంటేనే ఆమె మాటకు బలం.

చివరగా, చేయవలసిన పనులు నాలుగు.

ఒకటి. పట్టాదారు పాసు పుస్తకం, 1-బి, అడంగల్ - మూడింటిలో పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం ఒకటిగా వున్నవా లేవా ఈ నెలలోనే చూడండి. చనిపోయిన తాత పేరున వున్న భూమిని వారసుల పేరున మార్పించండి. కంచె ఎంత గట్టిదైనా చేను ఎవరిదో తేలకపోతే పరిహారం కోర్టులో నిలిచిపోతుంది.

రెండు. భూసేకరణ సర్వేకు వచ్చినప్పుడు దగ్గర వుండి బోరు, పైపులైను, చెట్లు, కొట్టం అన్నీ రాయించండి. రాసిన కాగితానికి నకలు అడగండి. నోటీసు వస్తే తేదీ వేసుకొని, గడువులోపల అభ్యంతరం రాసి ఇచ్చి రసీదు తీసుకోండి.

మూడు. పరిహారం తక్కువని మీకు తోస్తే, డబ్బు తీసుకొనేటప్పుడు "అభ్యంతరంతో తీసుకొంటున్నాను" అని రాసి సంతకం చేయండి. ఆ మాట రాయకుండా తీసుకొంటే, ఎక్కువ కావలెనని అడిగే దారి చట్టమే మూసివేస్తుంది. ఈ ఒక్క వాక్యం రాయనందువల్ల పోయే సొమ్ము, ఒక కారు పంట నష్టం కంటె ఎక్కువ కావచ్చును. అవార్డు ప్రకటించే నాడు మీరు అక్కడ వుంటే ఆరు వారాల్లోగా కలెక్టరుకు దరఖాస్తు పెట్టుకోవలె.

నాలుగు. ప్లీడరుకు డబ్బు లేదని ఊరుకోకండి. 1976 నాటి 42వ సవరణ 39-ఎ అధికరణాన్ని చేర్చి, బీదవారికి ఉచిత న్యాయ సహాయం ప్రభుత్వ కర్తవ్యమన్నది. దాని కోసం 1987లో చట్టం వచ్చినది. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలకు, తెగలకు ఆదాయంతో పని లేకుండా, మిగతా బీదవారికి ఆదాయాన్ని బట్టి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ప్లీడరును ఇస్తుంది. 15100 నంబరుకు ఫోను చేసి అడగవచ్చును.

ఆస్తి హక్కు ఒకనాడు ప్రాథమిక హక్కు, ఈనాడు రాజ్యాంగ హక్కు. పేరు మారినది, చోటు మారినది. స్వంతంగా దున్నుకొనే చిన్న రైతుకు మార్కెట్టు ధర షరతు వున్నది, 300-ఎ వున్నది, గ్రామసభ వున్నది, ఉచిత న్యాయ సహాయం వున్నది. ఇవన్నీ సవరణలు ఇచ్చినవే. వాడుకొనే రైతుకు అవి ఆయుధాలు. విస్తరణ మిత్రులకు నా మనవి ఒక్కటే. ఊరికి పోయినప్పుడు విత్తనశుద్ధి మాటతో పాటు పాసు పుస్తకం మాట కూడా ఒకటి అడిగి రండి.